ఊక మీద వేసిన నింద

మా గల్లీలో ఎవరైనా నాలుగు కోళ్లు తెచ్చుకుంటే చాలు, అడగకపోయినా ఒక సలహా వచ్చి గడపలో కూర్చుంటుంది. "గూట్ల ఊక ఎక్కువ పరవకుండ్రి. నీళ్లు పోయే తూటుకు అడ్డం పడ్తది. ఆ మూలింట్ల గట్లనే పిల్లలన్నీ సచ్చిపోయినయ్."

ఆ మూలిల్లు మాది. మొన్న కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఒక కుర్రవాడు ఈ సలహానే చెప్తుంటే విన్నాను. మా గూడు చూసిన వయసు కూడా కాదు వాడిది. అయినా ఊక ఎలా నానుతుందో, ఎలా ఉబ్బుతుందో, తూటుకు ఎలా అడ్డం పడుతుందో చేతులు తిప్పుతూ చూసినట్టే చెప్తున్నాడు. నేను ఉండబట్టలేక "అట్ల కాదు బాబూ, ఊక తప్పేం లేదు" అన్నాను. వాడు నన్ను ఓపిగ్గా చూసి, "నీకు ఎర్కలేదు అంకుల్" అన్నాడు.

నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఊక కథ పుట్టింది నా నోట్లోనే. అబద్ధమని ఇప్పుడు ఇంటింటికీ తిరిగి చెప్పినా ఎవరూ వినడం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. చదివాక కూడా ఊకనే తిట్టుకుంటామంటే ఇక మీ ఇష్టం.

ఛత్రినాకలో మా ఇంటికి పెరడు ఉందంటే పెద్దగా ఊహించుకోవద్దు. బట్టలుతికే బండ, సంపు మూత, ఒక కరివేపాకు చెట్టు, వాటి మధ్య మనిషి తిరగడానికి కాస్త చోటు. అడ్డగోడకు అవతల పాలవాళ్ల ఇల్లు, వాళ్ల బర్రెల కొట్టం. తాతల నాటి నుంచి వాళ్లకు అదే పని. ఆ ఇంటి పాలామె, మా అక్క ఒకే వయసువాళ్లు. పొద్దున్నే ఆ గోడ మీద మోచేతులు పెట్టుకుని మాట్లాడుకోకపోతే ఇద్దరికీ తెల్లవారేది కాదు. ఆషాఢంలో బోనాలు ఎత్తుకుని గల్లీ చివర మైసమ్మ దగ్గరికి ఇద్దరూ పక్కపక్కనే నడిచేవాళ్లు.

అక్క నాకంటే చాలా పెద్దది. బావ తొందరగా పోయాడు. పిల్లలు లేరు. ప్రభుత్వ ఆఫీసులో అటెండర్‌గా చేస్తూ మా ఇంట్లోనే వెనక గదిలో ఉంటోంది. నేను డిపోలో మెకానిక్‌ని. ఒకసారి బస్సు కింద పని చేస్తుండగా జాకీ జారి నా కుడి కాలు విరిగింది. చాలాకాలం మంచం దిగలేదు. అప్పుడు అక్క మైసమ్మకు మొక్కుకుంది. తమ్ముడు లేచి నడిస్తే పుంజునిస్తానని. మా దగ్గర ఇలాంటి మొక్కులు మామూలే. అయితే అక్క దానికి ఒక ముడి వేసుకుంది. ఆ పుంజు మా ఇంట్లో పొదిగిన గుడ్డు నుంచి రావాలి, తన చేతి గింజలు తిని పెరగాలి.

నేను లేచి నడిచాక మా ఆవిడ, "బజార్ల మంచి పుంజు దొర్కుతది వదినా, తెచ్చి ఇచ్చేద్దాం" అంది.

"కొన్న కోడి మొక్కు కాదే, కూర" అంది అక్క.

అలా రెండు పెట్టలు, ఒక పుంజు ఇంటికొచ్చాయి. అక్క వాటిని రాత్రిళ్లు గంప కింద కమ్మేది. పిల్లి గంప చుట్టూ తిరుగుతుంటే ఆమెకు నిద్ర ఉండేది కాదు. ఒకరోజు జల్‌పల్లిలో చుట్టాలింటికి వెళ్లి వచ్చి, అక్కడ రోడ్డు పక్కన వెల్డింగ్ షాపులో తయారుగా ఉన్న కోళ్ల గూళ్లు చూశానని చెప్పింది. ఇనుప చట్రం, చుట్టూ తీగల జాలీ, పైన వాలు రేకు.

"కింద పళ్లెం లెక్క రేకు ఉన్నది తమ్మీ. గుంజితే బయటికొస్తది. కడుగుడు అల్కగైతది. అదే తెద్దాం."

ఆమె అడిగిందల్లా అదొక్కటే. ఇంత సాదా కోరిక. నేను నవ్వాను. "బస్సు ఇంజన్ ఇప్పి బిగించేటోని అక్కవు నువ్వు. కోళ్ల గూడు కొనుక్కొచ్చినవంటె డిపోల నా ఇజ్జత్ ఏమైతది?"

డిపోలో ఎవడికి పట్టింది మా కోళ్ల గూడు గురించి? కానీ నాకు అప్పటికే మిద్దె మీద పడి ఉన్న పాత కూలర్ కనిపించింది. ఇనుప డబ్బా కూలర్. మా గల్లీలో మిద్దె మీద అలాంటి పాత కూలర్ లేని ఇల్లు లేదు. పారేయడానికి మనసు రాదు, బాగుచేయడానికి పనికిరాదు. దాని మూడు పక్కలా గడ్డి తడికెలు తీసేస్తే జాలీ బిగించుకోవచ్చు. ముందు ఫ్యాన్ ఉండే గుండ్రటి ఖాళీ ఉంది, అది తలుపు. కింద నీళ్ల ట్యాంక్ ఉంది, అదే గచ్చు. ట్యాంక్ మూలకు నీళ్లు వదిలే తూటు కూడా ఉంది. కడిగితే నీళ్లు దానంతటవే పోతాయి. దేవుడు కూలర్‌ను అసలు కోళ్ల కోసమే చేయించి, మనుషులకు పొరపాటున ఇచ్చాడని నాకు గట్టిగా అనిపించింది.

ఇక మొదలైంది. మిద్దె మీద నుంచి దాన్ని దించడంలోనే మెట్ల దగ్గర గోడ పెచ్చు ఊడింది. మోటర్ నట్లు తుప్పు పట్టి కదల్లేదు. కిరోసిన్ పోశాను, సుత్తితో కొట్టాను, తిట్టాను. జాలీ కోసం అఫ్జల్‌గంజ్ వెళ్లాను. తెచ్చిన జాలీ కన్ను పెద్దదైపోయింది. మళ్లీ వెళ్లాను. స్క్రూలు పొట్టివయ్యాయి. మళ్లీ వెళ్లాను. అక్కడి జాలీ షాపు ముసలాయన నన్ను చూడగానే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఫిర్ ఆగయే భాయ్? కిత్తా బడా మహల్ బనారై?"

"ముర్గియోంకా ఘర్, చచ్చా."

"ఇత్తే దినా మే తో ముర్గియా ఖుద్ బనాలేతే!"

ఎంత పెద్ద మహల్ కడుతున్నావంటే కోళ్ల ఇల్లన్నాను. ఇన్ని రోజుల్లో కోళ్లయినా కట్టుకునేవట. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను స్క్రూలు తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే ఈసారి పొడుగైపోయాయి. మొనలు లోపలికి పొడుచుకొచ్చాయి, వాటిని మళ్లీ ఆకురాయితో అరగదీశాను. చెయ్యి కోసుకుంది. టీకా వేయించుకున్నాను. ఇంత జరుగుతున్నా అక్క ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం కోళ్లను గంప కింద కమ్మి, గంప మీద రాయి పెట్టి, నా వైపొకసారి చూసి లోపలికి వెళ్లేది.

చివరికి ఆకుపచ్చ రంగు వేసి నిలబెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది. కోళ్లు మాత్రం లోపలికి పోలేదు. ఆ గుండ్రటి తలుపును చూస్తే వాటికి ఏదో అనుమానం. ఇటు తరిమితే అటు, అటు తరిమితే కరివేపాకు చెట్టెక్కి కూర్చున్నాయి. పోస్ట్ డబ్బాలో ఉత్తరాలు వేసినట్టు అక్క వాటిని ఒక్కొక్కదాన్ని పట్టి ఆ గుండ్రటి ఖాళీలోంచి లోపలికి వేసేది. గోడ మీంచి పాలామె చూసి పడీ పడీ నవ్వింది.

"తమ్మీ, మా బర్రెల కొట్టానికి గూడ గిట్ల గుండ్రం దర్వాజ పెట్టరాదు? ఎన్ని రోజులల్ల చేస్తవ్?"

గూడు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాత్రం అక్క నోరు తెరిచింది. నేను దాన్ని అడ్డగోడకు ఆనించి, సన్‌షేడ్ కింద పెట్టాను. పెరట్లో నీడ పడేది అక్కడే. కానీ మిద్దె మీది వాన నీళ్లు దిగే గొట్టం మూతి కూడా సరిగ్గా దానికి పైనే ఉంది.

"గీడ వద్దు తమ్మీ. వాన పడ్తె మిద్దె నీళ్లన్నీ దాని మీదనే వడ్తయ్."

"పడనీ అక్కా. కింద తూటున్నది గదా. ఎన్ని నీళ్లొచ్చినా బయటికే పోతయ్."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను కట్టిన ఆ గూడు మొత్తం ఆ తూటు మీదే నిలబడి ఉంది.

ట్యాంక్ అడుగున పరవడానికి పాలామె ఊక ఇచ్చింది. గోడ మీంచి బస్తా అందిస్తూ "మా బర్రెల కిందేసేదే, మంచి పొడి ఊక" అంది. దాని మీద అక్క ఒక పెట్టను పొదుగుకు కూర్చోబెట్టింది. మిగిలిన పెట్ట, పుంజు నేను బిగించిన అడ్డకర్ర మీద పడుకునేవి. కొన్నాళ్లకు పిల్లలయ్యాయి. అక్క, పాలామె గోడకు అటూ ఇటూ నిలబడి, వాటిలో ఏది పుంజవుతుందో పందెం కట్టినట్టు వాదించుకునేవాళ్లు. కొద్దిగా మొండిగా, మిగతావాటిని తోసుకుని గింజల దగ్గరికొచ్చే ఒక నల్లదాన్ని అక్క అప్పుడే మైసమ్మ పేరున అనుకుంది. నేను కుంటుతూ పెరట్లోకి వస్తే, "ఇగో, నీ కాలు గిదే" అని దాన్ని చేతిలో పట్టి చూపించేది.

ఒక సాయంత్రం నేను గూడు కడిగాను. అక్క ఇంట్లో లేదు. ఆ తూటులోంచి మురికి నీళ్లు కారి, గోడ కింది సందులోంచి అవతలకు పోయాయి. అవతల పాలవాళ్లు క్యాన్లు కడుక్కునే జాగా. పాలామె లేచింది.

"ఏంది తమ్మీ గిది? పాల క్యాన్ల కాడికి కోళ్ల పెంట నీళ్లు ఇడుస్తవా? మా వాడుకలు జూస్తె పాలు వద్దంటరు. బంద్ చెయ్యి గది."

ఆమె చెప్పింది న్యాయమే. గొట్టం ముక్క ఒకటి బిగించి, నీళ్లను మా మోరీ వైపు మళ్లిస్తే సరిపోయేది. కానీ దానికి మళ్లీ అఫ్జల్‌గంజ్ వెళ్లాలి. ఆ ముసలాయన మళ్లీ నవ్వుతాడు. విసుగొచ్చింది. ఇంట్లో కారే కుళాయి కోసం తెచ్చిన సీలు ఉంది. రెండు ముద్దలు కలిపి పిసికి పెడితే రాయిలా గట్టిపడుతుంది. దాన్ని పిసికి తూటులో కూరాను. ఇప్పటికి లొల్లి బంద్, ఆదివారం తీరిగ్గా గొట్టం పెడదామనుకున్నాను. అక్కకు చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేంత సంగతి అనిపించలేదు.

ఆదివారం రాకముందే వాన వచ్చింది. మామూలు వాన కాదు. తెల్లవారి లేచి చూసేసరికి పెరట్లో మడమల దాకా నీళ్లున్నాయి. కూలర్ ట్యాంక్ అంచు దాకా నిండిపోయి ఉంది. అడ్డకర్ర మీద పెట్ట, పుంజు ముడుచుకుని కూర్చున్నాయి. తల్లి పెట్ట రొమ్ము లోతు నీళ్లలో మూలకు ఆనుకుని నిలబడి ఉంది. రెక్కలు రెండూ విప్పి ఉంచింది. పిల్లలన్నీ ఊకతో పాటు నీళ్ల మీద తేలుతున్నాయి.

అక్క గుండ్రటి తలుపులోంచి చెయ్యి పెట్టి తల్లి పెట్టను తీసి, కొంగులో చుట్టుకుని, పొయ్యి దగ్గర కాపడానికి లోపలికి తీసుకెళ్లింది. ఆమె అటు పోగానే నేను స్క్రూడ్రైవర్ తెచ్చాను. ట్యాంక్ నీళ్లలో చెయ్యి పెట్టి ఆ సీలును గీకాను. గట్టిపడిపోయింది. పొడిచాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాను. ట్యాంక్ నీళ్లు భళ్లున దూకాయి.

ఆ చప్పుడుకు మా ఆవిడ బయటికొచ్చింది. అవతల పాలామె గోడ దగ్గరికొచ్చింది. అక్క కూడా, కొంగులో కోడితో, తలుపు దగ్గర నిలబడింది.

"తూటు ఉండె గదనయ్యా? రాత్రంతా నీళ్లెందుకు పోలే?" అని అడిగింది మా ఆవిడ.

నేనన్నది ఒక్కటే మాట. "ఊక."

అంతే. మిగతాదంతా వాళ్లే అల్లుకున్నారు. అక్క గోడ వైపు తిరిగింది.

"ఎసొంటి ఊక ఇచ్చినవ్ వదినే? అంతా దుమ్మే, చెత్తే. తూటు మూసుకపోయింది చూడు!"

"నా ఊకనంటవా? మా బర్రెల కింద యేండ్ల సంది ఏస్తున్న, ఒక్క మోరీ మూసుకపోలే! కూలర్ల కోళ్లను పెట్టిన మీ తమ్మున్ని అను!"

"నా తమ్మున్ని అనకు. నువ్వు జేసిన నిర్వాకం జూడు."

పాలామె సరిగ్గానే పట్టుకుంది. అయినా నా తరఫున నిలబడింది మా అక్క. నేను జేబులో చెయ్యి పెట్టుకుని, ఆ సీలు ముక్కల్ని నలుపుతూ నిలబడ్డాను. అప్పుడు నోరు విప్పి ఉంటే ఆ మధ్యాహ్నానికే ముగిసిపోయేది. సాయంత్రం చెప్దామనుకున్నాను. సాయంత్రానికి వాళ్లిద్దరూ తరతరాల విషయాలు తవ్వుకున్నారు. మర్నాటికి గల్లీ అంతా ఊక గురించే మాట్లాడుకుంటోంది. అప్పటికి నా నిజం చాలా ఆలస్యమైపోయినట్టు అనిపించింది. ఆలస్యం ఏమీ కాలేదు. సిగ్గుకు నేను పెట్టుకున్న పేరు అది.

అక్క మిగిలిన కోళ్లను జల్‌పల్లి చుట్టాలకు ఇచ్చేసింది. గోడ దగ్గర మాటలు ఆగిపోయాయి. పాలు మేం వేరే దగ్గర తెచ్చుకోవడం మొదలుపెట్టాం. అడ్డగోడ అవతలే పాలు, మేం మాత్రం పాకెట్ల కోసం రోడ్డు దాకా పోవడం. ఇంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా? ఇవన్నీ నేను భరించాను. భరించలేనిది తర్వాత ఆషాఢంలో వచ్చింది. బోనం కుండ కడిగి, పసుపు రాసి, సున్నం బొట్లు పెట్టి, అన్నీ సిద్ధం చేసి, ఎత్తుకునే వేళకు అక్క దాన్ని మా ఆవిడ నెత్తిన పెట్టింది.

"నువ్వు ఎత్తుకోవా వదినా?"

"నా చేతులకెల్లి పోయినయ్ గదా. తల్లికి నా చెయ్యి నచ్చలే."

ఆ తర్వాత ఏ ఏడూ ఎత్తలేదు. వానాకాలంలో నా కాలు లాగుతుంటే, నేను మోకాలు పట్టుకుంటే, ఆమె చూపు తిప్పుకునేది. మొక్కు తీరలేదు కాబట్టే నాకు నొప్పి అని ఆమె లెక్క. ఎన్నిసార్లు చెప్పాను, "అది జాకీ దెబ్బ అక్కా, మైసమ్మ కాదు" అని! ఆమె తల ఊపేది, నమ్మేది కాదు. సీలు సంగతి చెప్పకుండా ఆమెను నమ్మించడం ఎలా? చెప్పవలసింది ఒకటైతే దాని చుట్టూ తిరిగి అన్నీ చెప్పేవాణ్ని.

ఈ ఏడు ఎండాకాలం చివర మా ఆవిడకే విసుగొచ్చింది. "ఇగ నీ పనితనం చాలుగని, ఆ జల్‌పల్లి గూడే కొందాం. వదిన మొక్కు అట్లనే ఉన్నది" అంది. షాపువాడికి కొలతలు కావాలంటే నేను ఇచ్చాను. మా గేటును టేపుతో కొలిచి, దానికి తగ్గట్టు చేయించాను. గూడు ట్రాలీ ఆటోలో వచ్చింది, దాంతో పాటే గంపలో జల్‌పల్లి చుట్టాలు పంపిన ఒక పెట్ట, ఒక పుంజు. గేటులోంచి చక్కగా దూరింది. గేటు దాటాక మా ఇంటి పక్క సందు ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు నేను కొలవలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ మలుపులో తిరుగుతూనే ఉన్నాను, అది గుర్తుకు రాలేదు. గూడు అక్కడ ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ఆటో డ్రైవర్ చెమటలు తుడుచుకుంటూ, "కొలతలు ఎవలు తీసిండ్రన్నా?" అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూపించింది.

కొన్నా కట్టినా మధ్యలో నేనుంటే ఇంతే కాబోలు.

ఎలాగో వెనక్కి లాగాం. పెరట్లోకి చేరాలంటే ఇక ఒకటే దారి. పాలవాళ్ల కొట్టంలోంచి తీసుకెళ్లి అడ్డగోడ మీంచి దించాలి. నేనే వెళ్లి అడిగాను. పాలామె నన్ను పైకీ కిందికీ చూసి పక్కకు జరిగింది. గూడును గోడ మీదికి ఎత్తాం. ఇవతల అక్క, మా ఆవిడ పట్టుకోవడానికి చేతులు చాచి నిలబడ్డారు. పాలామె వెనక నుంచి అంది.

"తీస్కపోండ్రి, తీస్కపోండ్రి. ఊక మాత్రం నన్నడగొద్దు."

అక్క చేతులు కిందికి దించేసింది.

"నేను పట్ట. మీరే దించుకోండ్రి, మీరే పెంచుకోండ్రి. నా చెయ్యి పడ్తె బతకయ్."

గోడ మీద గూడు, దాని కింద నా భుజం. కాలు లాగుతోంది. అటు పాలామె, ఇటు అక్క. ఎత్తిన బరువు దించే వీలు లేదు, పారిపోయే వీలు లేదు. ఇన్నేళ్లూ నాకు మంచి సందర్భం దొరకలేదని అనుకుంటూ వచ్చాను. ఇంతకంటే పనికిమాలిన సందర్భం ఇంకోటి ఉండదు. అప్పుడే చెప్పాను.

"ఊక కాదక్కా. తూటు నేనే మూసిన. సీలు పెట్టి మూసిన."

అక్క, పాలామె ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆటో డ్రైవర్ మాత్రం, "అన్నా, ముందుగాల గూడు దించుదమా?" అన్నాడు. దించాం. నేను చుట్టూ తిరిగి ఇవతలికి రాగానే అక్క అడగడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"ఎందుకు మూసినవ్?"

"నీళ్లు వాళ్ల క్యాన్ల కాడికి పోతున్నయని."

"మరి పొద్దుగాల నీళ్లెట్ల పోయినయ్?"

"గీకిన. స్క్రూడ్రైవర్ తోని."

"ఎప్పుడు?"

"నువ్వు లోపట పెట్టను కాపుతుంటె."

అక్క కాసేపు నా చేతుల వైపు చూసింది. "నేను లోపట ఏడుస్తుంటె, నువ్వు బయట గీకుతున్నవా?" అంది.

 ఆమె ఇంకా తిడుతుందని, తిడితే బాగుండునని నిలబడ్డాను. మిగతా ఇద్దరూ ఆమెను నాకు ఆ ఉపకారం కూడా చేయనివ్వలేదు. పాలామె గోడ అవతల నుంచి, "అయ్యో, నేను బంద్ చెయ్యమంటెనే గదా మూసిండు, నాదే తప్పు" అని మొదలుపెట్టింది. మా ఆవిడ, "నేను అందరి ముందల అడిగిన గదా, సిగ్గుకు గట్ల అన్నడు" అంది. నా తప్పు నా చేతిలో ఉంటే ఒక్కొక్కరూ వచ్చి ఒక ముక్క విరుచుకుపోతున్నారు. నాకు ఒళ్లు మండింది. "అది నాదే! మీరు నడిమిట్ల రాకుండ్రి!" అని అరిచాను. ఆటో డ్రైవర్ మెల్లిగా వెళ్లిపోయాడు.

అక్క అది నీదేలే అన్నట్టు నా వైపు ఒక చూపు చూసి గోడ దగ్గరికి నడిచింది. ఎప్పటిలాగే మోచేతులు గోడ మీద పెట్టింది.

"వదినే, ఊక ఉన్నదా?"

పాలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"దుమ్ముంటది మరి. పర్వాలేదా?"

"దుమ్మున్నా మంచిదే. తమ్ముడున్న ఇల్లు, దుమ్ము ఒక లెక్కనా!"

ఇద్దరూ నవ్వారు. నన్ను చూస్తూ నవ్వారు. ఊక బస్తా గోడ దాటి వచ్చింది. అక్క దాన్ని వెంటనే పరవలేదు. బకెట్‌తో నీళ్లు తెచ్చి కొత్త గూడు అడుగు రేకు మీద గుమ్మరించి, వెనక్కి వెళ్లి, వంగి చూసింది. నీళ్లు వెనక మూల నుంచి కారి మా మోరీలో పడ్డాయి. గోడ అవతల పాలామె కూడా వంగి చూసింది. "ఇటు రాలే, ఇటు రాలే" అని చెప్పింది. అప్పుడు అక్క రేకు తుడిచి, తన చేత్తోనే ఊక పరిచి, తన చేత్తోనే పెట్టను తలుపు ముందు దించింది. పెట్ట దర్జాగా నడిచి లోపలికి పోయింది. తలుపు మామూలు తలుపు కదా.

ఆ తర్వాత అక్క చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లు ఇచ్చేది, మాట మాత్రం లేదు. మొన్న ఆషాఢంలో బోనం ఎత్తింది. పాలామె పక్కనే నడిచింది. నేను వెనకాల కుంటుతూ నడిచాను. మైసమ్మ దగ్గర ఆమె ఏం చెప్పుకుందో నాకు తెలియదు. తిరిగొచ్చాక నాతో అన్న మొదటి మాట, "పుంజు వచ్చే ఏడు ఇస్త. నీ కాలు కోసం గాదు. మాటిచ్చిన గాబట్టి."

ఇక గల్లీ సంగతి. పాలామె ఇంటింటికీ వెళ్లి చెప్పింది. నేనూ చెప్పాను. అందరూ విన్నారు, "అవునా" అన్నారు, వారం తిరక్కుండానే మళ్లీ ఊక దగ్గరికే వచ్చారు. సీలు పెట్టి తూటు మూసిన మనిషి కథలో ఎవరికీ పనికొచ్చే సలహా లేదట. ఊక కథలో ఉందట. కోళ్లు పెంచాలనుకునేవాళ్లు నన్ను కూడా అడుగుతారు, గూడు కట్టుకోవాలా కొనుక్కోవాలా అని. నాకేం తెలుసు? రెండూ చేసి రెండిట్లోనూ నవ్వులపాలయ్యాను. కోళ్లను లోపల పెట్టే ముందు ఒక బకెట్ నీళ్లు గుమ్మరించి చూడమని మాత్రం చెప్తాను.

పెట్ట పొదిగింది. పిల్లల్లో ఒకదానికి అప్పుడే తురాయి ఎర్రబడుతోంది. అక్క రోజూ సాయంత్రం కోళ్లను లోపలికి తోలే ముందు, ఊక ఒక మూలకు జరిపి, ఆ రేకు మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. పోసి, వెనక్కి వెళ్లి, వంగి చూస్తుంది. నేను పెరట్లో ఉన్నానా లేదా అని కూడా ఒకసారి చూస్తుంది. నిన్న ఇక ఉండబట్టలేక అన్నాను.

"అక్కా, ఇన్ని రోజులైంది. నేనేం మూయలే."

ఆమె నీళ్లు కారేదాకా ఆగి, నడుం పట్టుకుని లేచింది.

"ఏమో తమ్మీ. చూసుకునుడు మంచిది."